రాకుమారుడి సున్నపు పట్టీ

గండభేరుండ పక్షి కాలి పట్టు జారింది. రాకుమారుడు హేమాంగదుడు ఆకాశంలో పల్టీలు కొడుతూ, కులదైవాన్ని తలుచుకుందామని నోరు తెరిచేలోపలే నేలను చేరుకున్నాడు. పడిన చోటు దూదిపరుపులా మెత్తగా ఉంది. తన అదృష్టమే అనుకున్నాడు. అదృష్టం కాదు, రంపపు పొట్టు.

పక్షిని తప్పుపట్టడానికి లేదు. దానికి రెండు తలలు. మొసళ్ళ నది దాటేదాకా రెండూ ఒక్క మాట మీదే ఎగిరాయి. నది దాటాక ఒక తల తూర్పుకు పోదామంది, రెండోది పడమరకు పోదామంది. ఎవరి మాట నెగ్గాలా అన్న రగడలో, కాళ్ళు పట్టుకుని వేలాడుతున్న మనుషుల సంగతి రెంటికీ గుర్తు లేకపోయింది. సంసారాల్లో ఇదేమీ కొత్త కాదు.

పక్కనున్న పొట్టుకుప్పలోంచి గురవి లేచి, తడిసిన పిల్లిలా తల విదిలించుకుంది. ఆమె కోనవాళ్ళ పిల్ల. కెంపుకొండల అడవిలో పుట్టింది, చెట్ల మధ్యే పెరిగింది, రాకుమారుడితో వచ్చి ఇదిగో ఇక్కడ పడింది.

"దొరా, ఎముకలన్నీ ఉండాయా?"

"ఉన్నట్టే ఉన్నాయి."

"అయితే లెయ్. ఇది మంచి తావు కాదు." ఆమె గుప్పెడు పొట్టు తీసి వాసన చూసింది. మొహం మాడిపోయింది. "మన చెట్లే."

హేమాంగదుడు తలెత్తి చూశాడు. కొండ కడుపులో తొలిచిన మహాబిలం అది. పైకప్పులో వాళ్ళు పడిన కంతలోంచి ఆకాశం ముక్క కనిపిస్తోంది, దాని చుట్టూ స్ఫటికపు దీపగుచ్ఛాల్లా రాతి ఊడలు వేలాడుతున్నాయి. ఒక పక్క నదీపాయ, నూనె పెట్టి దువ్విన జడలా నల్లగా, నిశ్శబ్దంగా జారిపోతోంది. మరో పక్క, చూపు ఆనినంత మేరా, కోటగోడల్లా పేర్చిన ఎర్రచందనం దుంగలు. వాటి కోసిన ముఖాలు వరుసగా కూర్చోబెట్టిన పెళ్ళికూతుళ్ళ పారాణి పాదాల్లా మెరుస్తున్నాయి. పెళ్ళికూతుళ్ళు మాత్రం లేరు. పాదాలే ఉన్నాయి.

ప్రతి దుంగకూ నడుం చుట్టూ తెల్లటి సున్నపు పట్టీ.

"చూశావా గురవీ! నా పట్టీ!" అన్నాడు హేమాంగదుడు మండిపడుతూ. "రాజచిహ్నం ఉన్న చెట్టని తెలిసి కూడా నరికారు. ఎంత తెగింపు!"

గురవి దుంగల దగ్గరికి వెళ్ళింది. ఒక దుంగను అరచేత్తో నిమిరి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ పట్టీ కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఎర్రచందనానికి ఒక గుణం ఉంది. పైకి ఏ చెట్టయినా ఒకేలా కనిపిస్తుంది. లోపల చేవ, అంటే ఆ ఎర్రటి ఉక్కులాంటి చెక్క, కొన్నిటికే పడుతుంది. పడిందో లేదో నరికితేగాని తెలియదు. పూర్వం దొంగలు నరికిన చెట్లలో చాలా భాగం లోపల తెల్లగా తేలేవి. వాళ్ళు నెత్తి కొట్టుకుని వెళ్ళిపోయేవారు. నరక్కుండా చేవ కనిపెట్టగలిగిన వాళ్ళు లోకంలో కోనవాళ్ళు ఒక్కరే. వేలి కణుపులతో మానును తట్టి, చెవి ఆనించి వింటారు. విన్నది పైకి చెప్పరు. అది వాళ్ళ కట్టుబాటు.

కిందటేడు మహారాజు వనరక్షణ భారాన్ని కొడుక్కి అప్పగించాడు. కావలివాళ్ళు తక్కువ, చెట్లు ఎక్కువ. ఏ చెట్టును కాయాలో తెలిస్తే కావలి సులువవుతుందని హేమాంగదుడికి తోచింది. గురవిని బతిమాలి, కట్టుబాటు సడలింపజేసి, శిఖరం కిందున్న అడవిలో చేవ ఉన్న ప్రతి చెట్టుకూ సున్నంతో పట్టీ వేయించాడు. పట్టీ ఉన్న చెట్టు మీద గొడ్డలి ఎత్తినవాడికి మరణదండన అని ఊరూరా చాటింపు వేయించాడు. వందిమాగధులు పద్యాలు చదివారు. మహారాణి కొడుక్కి దిష్టి తీసింది.

అప్పటినుంచి చెట్లు మాయం కావడం మొదలైంది. చేవ లేని చెట్టు ఒక్కటీ పోలేదు. పోయినవన్నీ చేవ ఉన్నవే, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి మరీ తీసుకుపోయారు. ఎలా తెలుస్తోంది దొంగలకు? ఆస్థాన జ్యోతిష్కుడు గవ్వలు విసిరి తేల్చాడు: మొసళ్ళ నది అవతల ఉండే మాంత్రికుడు శుష్కపాదుడి దగ్గర చెట్టు గుండెను చూపించే దివ్యాంజనం ఉంది. అంత పెద్ద సభలో ఇంకో కారణం ఉండొచ్చని ఎవరికీ తట్టలేదు. దివ్యాంజనం అంటే వినడానికి బాగుంటుంది మరి.

ఇప్పుడు అడవిలో చేవ మిగిలింది అమ్మకోనలో ఒక్కచోటే. కెంపుకొండల శిఖరం మీద, విత్తనం రాల్చే తల్లిచెట్ల తోపు అది. అది కూడా పోతే ఎర్రచందనం మళ్ళీ మొలిచేది లేదు. ఆ అంజనాన్ని అపహరించి తోపును కాపాడదామనే హేమాంగదుడు పక్షి కాళ్ళు పట్టుకుని ఇంత దూరం వచ్చాడు.

అంతలో అడుగుల చప్పుడయింది. గురవి క్షణం ఆలస్యం చెయ్యలేదు. పొట్టు తీసి రాకుమారుడి ముఖానికీ, మీసానికీ, పట్టువస్త్రానికీ పులిమేసింది. తనూ పులుముకుని, తలగుడ్డ చుట్టి, కొంగు నడుముకు బిగించింది. బిలంలో పనిచేసే రంపం కోతగాళ్ళంతా ఎర్రగానే ఉంటారు కాబట్టి మారువేషానికి ఇంతకంటే శ్రమ అవసరం లేకపోయింది.

వచ్చినవాడు కోతగాళ్ళ మేస్త్రీ బొబ్బరయ్య. ముందు పొట్ట వచ్చింది, వెనకాల అతను వచ్చాడు.

"ఎవుర్రా మీరు? పని ఎగ్గొట్టి పొట్టులో పొర్లాడతా ఉండారు?"

"కొత్తోళ్ళం అన్నా," అంది గురవి గొంతు బొంగురు చేసి. "మా వాడికి చూపు తక్కువ. కాలు జారినాడు."

"చూపు తక్కువోడా? మంచిది. గుంతలోకి దిగమను. ఆడ చూసేదేం లేదు."

కోతగుంత అంటే నిలువెత్తు గొయ్యి. దాని మీద దుంగను అడ్డంగా పరుస్తారు. ఒకడు దుంగ పైన నిలబడతాడు, ఒకడు కింద గోతిలో నిలబడతాడు, ఇద్దరూ ఒకే పొడుగు రంపాన్ని పైకీ కిందికీ లాగుతారు. పొట్టంతా కిందివాడి నెత్తిన పడుతుంది. కొత్తవాడు ఎప్పుడూ కిందే. పుట్టి బుద్ధెరిగాక హేమాంగదుడి తలమీద వెల్లగొడుగు తప్ప వేరొకటి ఉండలేదు. ఇప్పుడు ఒక దుంగ ఉంది. దాని పైన గురవి పాదాలు ఉన్నాయి.

రంపం కదిలింది. లాగిన ప్రతిసారీ ఎర్రటి పొట్టు జల్లుగా రాలింది. అది నెత్తురులా లేదు. నెత్తురయితే తడిగా ఉండేది. ఇది పొడిగా, గోరువెచ్చగా, భరిణె బోర్లపడి కుంకుమ రాలినట్టు రాలింది. అతని కనురెప్పల మీద, పెదవుల మీద పేరుకుంది.

వచ్చిన పని మరిచిపోకూడదని హేమాంగదుడు గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రీగారూ..."

"గారా!" బొబ్బరయ్య గుంత అంచుకు వచ్చి తొంగి చూశాడు. "ఈడెవుడో పెళ్ళికొచ్చినోడి మాదిరి మాట్లాడతాండాడే. చెప్పు."

"మీ మాంత్రికుడుగారు దివ్యాంజనం ఎక్కడ దాచి ఉంటారు?"

"ఏం అంజనం?"

"చెట్టు లోపలి చేవ కనిపించే అంజనం."

బొబ్బరయ్య నవ్వసాగాడు. పొట్ట పట్టుకుని, గుంత అంచున కూలబడి మరీ నవ్వాడు. "ఓరి పిచ్చోడా! ఆయప్పకు విస్తట్లో వడ్డించిన ఉప్పు ఆనదు. రోజూ వడ్డించేది నేనే గదా, నాకు తెలీదా? అంజనమంట, అంజనం! మాకు అదెందుకురా? రాకుమారుడు ఉండాడు."

"ఏ రాకుమారుడు?"

"ఎంతమంది ఉండారేంది? కెంపుకొండల హేమాంగద సామి. మహానుభావుడు! మునుపు మేం పడిన అగచాట్లు నీకేం తెలుసు? ఒక్కో మాను నరికేదానికి పొద్దంతా పట్టె. పడినాక చూస్తే లోపల ముల్లంగి మాదిరి తెల్లగా. చేతులకు బొబ్బలు, ఇంటికాడ పెండ్లాం తిట్లు. మా బాధ ఎవురు చూసినారు? ఆ సామి చూసినాడు. ఇది కొట్టండి నాయనా, ఇది వద్దు, అని చెట్టు చెట్టుకీ సున్నం పూయించినాడు. కన్నతండ్రి చేస్తాడా అట్లా?"

రంపం ఆగిపోయింది.

"పట్టీ లేని మానును మేం ముట్టం," బొబ్బరయ్య చెప్పుకుపోతున్నాడు. "ఒట్టు పెట్టుకున్నాం. అట్లా ముట్టినోడికి ఎప్పుడూ కలిసి రాలేదు. సామి చూపించిందే మాకు ప్రసాదం. పొద్దున్నే ఆయనకు టెంకాయ కొట్టి, దండం పెట్టినాకే గొడ్డలి పట్టేది. అదిగో, దండం పెట్టుకో నువ్వు కూడా. చూపు బాగవుతాది."

హేమాంగదుడు గుంత అంచు పట్టుకుని పైకి లేచి చూశాడు. బిలం గోడలో ఒక గూడు. గూటిలో ఎర్రచందనంతో చెక్కిన బొమ్మ. తలమీద కిరీటం, మెలితిప్పిన మీసం, కుడిచేతిలో ఖడ్గం, ఎడమచేతిలో సున్నం కుంచె. మెడలో బంతిపూల దండ. ముందు కొబ్బరిచిప్ప, దానికి పట్టిన చీమలు. పోలిక బాగా కుదిరింది. రాజధానిలో ఆస్థాన శిల్పి చెక్కిన విగ్రహం కంటే బాగుంది. ఇది అభిమానంతో చెక్కినది కదా.

మొదటి పట్టీ తన చేత్తో వేసిన ఉదయం అతనికి కళ్ళకు కట్టింది. తూర్పు గట్టు మీద, మంచు విడవని వేళ, నిటారుగా నిలబడ్డ చెట్టు. కుంచె తిప్పి వెనక్కి జరిగి, పని బాగా వచ్చిందని మురిసిపోయాడు. ఆ చెట్టు ఎవరికీ తెలియకుండా ఒక గుట్టు దాచుకుని బతికింది. తాను వెళ్ళి దాని గుట్టును దాని నడుముకే రాసి పెట్టి, నలుగురికీ చాటించి వచ్చాడు.

యుద్ధంలో బాణం దిగినా కంటతడి పెట్టనివాడు హేమాంగదుడు. ఇప్పుడు ఆ పొట్టు నిండిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. చెంపల మీద ఎర్రదనం కడుక్కుపోయి, రెండు తెల్లటి చారలు పడ్డాయి. గడ్డం కిందికి వచ్చేసరికి రాచబిడ్డ ముఖం సగం బయటపడింది.

బొబ్బరయ్య ఆ ముఖాన్ని చూశాడు. గూటిలో బొమ్మను చూశాడు. మళ్ళీ ముఖాన్ని చూశాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

"సామీ!"

దబ్బున సాష్టాంగపడ్డాడు. "ఒరే రండిరా! మన సామి వచ్చినాడు! మన గుంతలోకే దిగినాడు!"

నలుమూలల నుంచి కోతగాళ్ళు పరుగెత్తుకొచ్చారు. గొడ్డళ్ళు కింద పెట్టి, చేతులు జోడించి, "హేమాంగద సామికీ జై!" అని బిలం దద్దరిల్లేలా అరిచారు. కత్తులతో మీదపడితే రాకుమారుడికి ఏం చెయ్యాలో తెలిసేది. దండాలతో మీదపడితే ఏం చెయ్యాలో విలువిద్య గురువు నేర్పలేదు.

హేమాంగదుడు గుంతలోంచి ఎగిరి బయటపడి, గురవి చెయ్యి పట్టుకుని నది వైపు దౌడు తీశాడు. ఒడ్డున ఉన్న దుంగను ఒక్క తన్ను తన్ని నీళ్ళలోకి దొర్లించి, దాని మీదికి దూకాడు. ఆ దుంగ వాళ్ళిద్దరినీ మొయ్యకపోగా, బండరాయిలా బుడుంగుమని మునిగిపోయింది. చేవ ఉన్న ఎర్రచందనం నీటిలో తేలదు. ఈ సంగతి రాకుమారుడు చిన్నప్పుడు నేర్చుకున్నాడు, అప్పజెప్పి మెప్పు కూడా పొందాడు. అవసరమైనప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

"దొరా, మొసలి!"

నల్లటి నీటిని చీల్చుకుంటూ తాటిమానంత మొసలి వచ్చింది. దాని దవడలు కోట తలుపుల్లా తెరుచుకున్నాయి. గురవి కాలు వాటి మధ్యకు పోబోతుండగా, హేమాంగదుడు మునకవేసి, అడుగున చేతికి దొరికిన చేవముక్కను పైకి లాగి, ఆ దవడల నడుమ నిలువుగా నిలబెట్టాడు. మొసలి బలమంతా పెట్టి కొరికింది. చెక్క విరగలేదు, వంగలేదు. నోరు మూసుకోలేక మొసలి తోక కొట్టుకుంటూ, నీళ్ళు గిరగిరా తిప్పుతూ పారిపోయింది.

తాను నరికించిన చెట్టే తనను కాపాడింది. మొసలి కరిచి ఉంటే ఇంతకంటే తక్కువ నొప్పి కలిగేదేమో.

ఊపిరి తీసుకునేలోపు పైనుంచి వల వచ్చి పడింది. "నెమ్మదిరా, నెమ్మది! సామికి గీరుకునేను!" అంటూ బొబ్బరయ్య కేకలు వేస్తుండగా, కోతగాళ్ళు ఇద్దరినీ చేపల్లా ఒడ్డుకు లాగి, తుడిచి, హేమాంగదుడి మెడలో బొమ్మకు వేసిన బంతిపూల దండే తీసి వేశారు.

అప్పుడు పల్లకీ వచ్చింది.

పల్లకీలో ఎండు చింతకాయలాంటి మనిషి కూర్చుని ఉన్నాడు. మాంత్రికుడు శుష్కపాదుడు. అతని అరికాలు తగిలిన నేల మీద గడ్డి మాడిపోతుంది, చెట్టు నిలువునా ఎండిపోతుంది. నిలువునా ఎండిన చెట్టు పగుళ్ళిస్తుంది, పగిలిన దుంగను కొనేవాడు ఉండడు. అందుకని అతను అడవిలో ఎప్పుడూ కాలు మోపడు. పాదాలకు పట్టుగుడ్డల మూటలు కట్టుకుని, పల్లకీలోనే తిరుగుతాడు.

"దయచేయండి రాకుమారా," అన్నాడు శుష్కపాదుడు, రాకుమారుడికి కాస్త పక్కగా చూస్తూ. చూపు ఆనదన్నది నిజమే. "మీవంటి సహాయకుడు దొరకడం నా పూర్వజన్మ సుకృతం. స్ఫటికద్వీపపు చక్రవర్తికి ఎర్రచందనపు మంచాలు కావాలి. ఆ మంచం మీద పడుకున్నవారికి ముసలితనం రాదని అక్కడివాళ్ళ నమ్మకం."

"వస్తుందా, రాదా?"

"కొనేవాళ్ళంతా అప్పటికే ముసలివాళ్ళు నాయనా. ఎవరికి తెలుస్తుంది?" మాంత్రికుడు మెత్తగా నవ్వాడు. "ఇంకొక్క నావ నింపితే నా పని పూర్తవుతుంది. మిగిలింది అమ్మకోన. అక్కడ మీరు పట్టీలు వేయించలేదు. మావాళ్ళేమో పట్టీ లేనిదే కొట్టరు, మీమీద అంత భక్తి. కాబట్టి మీరే వచ్చి వెయ్యాలి. ఈ పిల్ల తడుతుంది, మీరు రాస్తారు. ఇద్దరికీ అలవాటైన పనే కదా."

"తల పోయినా వెయ్యను."

"మీ తల నాకెందుకు? మీరు వెయ్యకపోతే నేను పల్లకీ దిగి అమ్మకోనలో అటూ ఇటూ కాస్త నడుస్తాను. కలప నాకు నష్టమే. మీకు మాత్రం విత్తనం కూడా మిగలదు. వేశారనుకోండి, చేవ లేని చెట్లయినా మిగులుతాయి. ఆలోచించుకోండి. నడవడం నాకూ పెద్ద ఇష్టం కాదు."

హేమాంగదుడు గురవి వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూస్తోంది. అతను చెయ్యి చాచాడు. ఎవరో సున్నం బొక్కెన, కుంచె తెచ్చి, భక్తిగా ఆ చేతికి అందించారు.

బిలంలోంచి నది అడుగుగా కెంపుకొండల శిఖరం మీదికి దొంగదారి ఉంది. ముందు దివిటీలు, వెనక పల్లకీ, నడుమ వీళ్ళిద్దరూ. దారిలో ఒకచోట పొగలు కక్కే అగాధం, దాని మీద ఒంటి దుంగ వంతెన. మరోచోట దారికి అడ్డంగా స్తంభమంత కొండచిలువ. "ఇది మాదే సామీ, భయం లేదు," అన్నాడు బొబ్బరయ్య దాన్ని దాటుతూ. "కరవదు. మింగుతుంది అంతే." అది కళ్ళు తెరిచి రాకుమారుడిని కాసేపు పరిశీలించి, ఆకలి లేదన్నట్టు మూసుకుంది.

ఆ దారిలోనే గురవి నోరు విప్పింది.

"దొరా, నాకు తెలుసు."

"ఏమిటి తెలుసు?"

"సున్నం సంగతి. తూరుపు గట్టు మీద తొలి మాను పోయిన పొద్దే తెలిసింది. మొద్దు చుట్టూ సున్నం పెచ్చులు రాలి ఉండె."

హేమాంగదుడు ఆమె వైపు తిరిగాడు. "నాకెందుకు చెప్పలేదు గురవీ?"

"మీ కోటలో అందరూ అంజనం, అంజనం అంటాంటే, అదే నిజమైతే బాగుండు అనుకున్నా. పక్షి కాళ్ళు పట్టుకున్నప్పుడు కూడా, యాడో ఒక అంజనం ఉండకపోతుందా అనే అనుకున్నా." ఆమె తన వేలి కణుపులు చూసుకుంది. "తట్టింది ఈ చెయ్యే గదా. మా అవ్వ వద్దనింది. విన్నది పైకి చెబితే చెట్టుకు చేటు అనింది. ముసలోళ్ళ మాటలే అని నేను నవ్వితిని."

"తప్పు అడిగినవాడిది."

"నువ్వు మంచిగానే అడిగితివి దొరా. అందుకే కాదనలేకపోతిని. తిట్టి అడిగి ఉంటే చెప్పేదాన్నే కాదు."

ఇద్దరూ దివిటీల వెనక నడిచారు. బొక్కెనలో సున్నం అడుగడుగుకూ తొణుకుతోంది.

చివరి మలుపు తిరిగేసరికి వెలుగు ముంచెత్తింది. సాయంకాలపు ఎండలో అమ్మకోన. మొసలి వీపులాంటి నెర్రెల బెరడుతో, ఏనుగుల మంద నిలబడ్డట్టు తల్లిచెట్లు. కొమ్మల నిండా పసుపు ముద్దల్లా పూత. గాలి వీచినప్పుడల్లా గుండ్రటి రెక్కల కాయలు తిరుగుతూ, తిరుగుతూ, తొందరేమీ లేనట్టు నేలకు దిగుతున్నాయి. ఒకటి వచ్చి హేమాంగదుడి జుట్టులో చిక్కుకుంది. అతను తియ్యలేదు.

"ఇక మొదలుపెట్టండి," అన్నాడు శుష్కపాదుడు పల్లకీలోంచి.

కోతగాళ్ళు గొడ్డళ్ళు అందుకున్నారు. అలవాటు ప్రకారం గూటిలోంచి వెంట తెచ్చుకున్న బొమ్మను ఒక రాతిమీద నిలబెట్టి దండం పెట్టుకున్నారు. తర్వాత తిరిగి, అసలు మనిషికి కూడా పెట్టారు.

గురవి మొదటి చెట్టు దగ్గరికి వెళ్ళింది. అరచెయ్యి మాను మీద ఆనించింది. తట్టలేదు. "అమ్మలను తట్టేది మాలో లేదు," అంది, ఎవరి వైపూ చూడకుండా. "నన్ను చంపినా తట్టను."

"తట్టవద్దు," అన్నాడు హేమాంగదుడు. "ఈసారి ఎక్కడ రాయాలో నాకు తెలుసు."

అతను కుంచె సున్నంలో ముంచాడు. ఆ తల్లిచెట్టుకు వీపు ఆనించి నిలబడ్డాడు. బంతిపూల దండ తీసి పక్కన పెట్టి, పైవస్త్రం విప్పి, తన రొమ్ము మీద అడ్డంగా, ఈ డొక్క నుంచి ఆ డొక్క దాకా, వెడల్పుగా పట్టీ వేసుకున్నాడు. సున్నం చర్మాన్ని చురుక్కుమని కరిచింది. చెట్లను కూడా ఇలాగే కరిచిందేమో. అవి చెప్పలేదు, తాను అడగలేదు.

"బొబ్బరయ్యా! పట్టీ ఉన్నదాన్నే నరుకుతామని ఒట్టు పెట్టుకున్నారు కదా. ఇదిగో పట్టీ. ఈ కోనలో ఇదొక్కటే ఉంది. రండి."

బొబ్బరయ్య గొడ్డలి వెనక్కి దాచాడు. "సామీ, ఇదేం పని? పొద్దున్నే నీకు టెంకాయ కొట్టినాం గదా!"

"దాని రుణమే తీరుస్తున్నాను."

"ఇదొక్కటే అన్నావే దొరా, నేను లేనా?" గురవి వచ్చి అతని చేతిలో కుంచె లాక్కుంది. పక్క చెట్టుకు వీపు ఆనించి, రెండు చేతులకూ మోచేతుల దాకా, వేలి కణుపులతో సహా సున్నం పూసుకుంది. పూసుకున్న చేతులు కోతగాళ్ళ ముందుకు చాచింది. "ఇదీ కొట్టండి. ముందు దీన్ని కొట్టండి."

కోతగాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పట్టీ లేని చెట్లను ముట్టకూడదు. పట్టీ ఉన్న వాళ్ళను ముట్టలేరు. గొడ్డళ్ళు ఒక్కొక్కటే భుజాల మీంచి కిందికి దిగాయి. బొబ్బరయ్య రాతిమీది బొమ్మ దగ్గరికి వెళ్ళి, దాని ముఖం చూడలేక, అటు తిప్పి పెట్టాడు.

"నరకండి!" అన్నాడు శుష్కపాదుడు.

ఎవరూ కదల్లేదు.

"నడవలేవు మాంత్రికుడా," హేమాంగదుడు గొంతెత్తాడు. "నడిస్తే నీ నావ ఖాళీగా పోతుంది. చక్రవర్తికి ఏం సమాధానం చెబుతావు?" మాట గట్టిగానే వచ్చింది. అది నిజమో కాదో అతనికి తెలియదు. పట్టీ వేసిన రోజున కూడా ఇంతే నమ్మకంగా మాట్లాడాడు.

పల్లకీలోంచి పట్టుగుడ్డ చిరిగిన చప్పుడు వినిపించింది. ఒక పాదం మూట ఊడి కింద పడింది. ఆ వెంటనే రెండోది.

బోయీలు పల్లకీ వదిలేసి చెట్లలోకి పరుగు తీశారు. గురవి సున్నం చేత్తోనే రాకుమారుడి చెయ్యి వెతికి పట్టుకుంది. వీపు వెనక తల్లిచెట్టు ఎండకు వెచ్చగా ఉంది. రొమ్ము మీద సున్నం, పచ్చిగా ఉన్నప్పుడు మసకగా ఉన్నది, తడి ఆరుతున్నకొద్దీ దూరానికి కూడా కనిపించేంత తెల్లబడుతోంది. ఎదురుగా, రాలిన రెక్కల కాయల మధ్య, పచ్చగడ్డి ఒక్కొక్క అడుగే ఎండిపోతూ వాళ్ళ వైపు వస్తోంది.